బొమ్మల సమరము: గ్రీకు పురాణ ప్రతిమలపై ఒక విమర్శ

సంఘముల ప్రత్యేక సంచికలలో కావ్యములపైనను, సంగీత నాట్యములపైనను విమర్శలు వెలువడుట పరిపాటి. బొమ్మలపై విమర్శ వ్రాయువారు అరుదు. బొమ్మ యనగా పసివాని చేతి వస్తువనియు, విరిగినచో పారవేయదగినదే గాని విచారింపదగినది కాదనియు పెద్దల అభిప్రాయము. కాని అక్షరములు రాకమునుపే పసివాడు చదువు గ్రంథము బొమ్మయే. రాముని విల్లును, హనుమంతుని గదను, రావణుని పది తలలను మనలో పెక్కుమంది మొట్టమొదట చూచినది కొలువుమెట్లపైననే గాని పుస్తకములో గాదు. కావున బొమ్మ మంచిదా, చెడ్డదా, అది బిడ్డకేమి చెప్పుచున్నది యను ప్రశ్న సాహిత్య విమర్శకు దూరమైనది కాదని మా నమ్మకము.

ఇటీవల చెన్నపురిలోని మన వారి యిండ్లలో ఒక క్రొత్త రకపు బొమ్మలు కానవచ్చుచున్నవి. ఇవి ఒక అంగుళమునకు కొంచెము మించిన యెత్తు గల ప్లాస్టిక్ ప్రతిమలు. పెట్టెలో ముక్కలుముక్కలుగా, రంగు లేక, బూడిదవర్ణముతో వచ్చును. కొన్నవాడే వానిని అతికి, రంగులు వేసి, సేనలుగా తీర్చి, బల్లపై యుద్ధమాడవలెను. మా దౌహిత్రునికి పదునొకండవ యేట విదేశమందలి బంధువులు ఇట్టి పెట్టె నొకదానిని పంపిరి. అందున్నవి గ్రీకు పురాణ పాత్రలు: వృషభముఖుడైన మినోటారు, సర్పకేశి మెడూసా, ఏకాక్షుడైన సైక్లోప్సు, పలు తలల హైడ్రా, వీరిని ఎదిరించు వీరులు, డాలు బల్లెము ధరించిన కాల్బలము. కొన్ని మాసములు ఆ బాలునితో కూడ మేమును కుంచె పట్టితిమి, పాచికలు వేసితిమి. ఆ పెట్టెయు, ఆ యాటయు విమర్శకు ఎంతవరకు నిలుచునో చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము.

ముందుగా ఈ వినోదము యొక్క వంశవృక్షమును తెలిసికొందము. దీనిని పరదేశపు వింతయని తలంచుట పొరపాటు. దీని మూలపురుషుడు మన చతురంగమే. రథ గజ తురగ పదాతులను నాలుగు అంగములను పలకపై నడుపు ఈ యాట మన దేశమున పుట్టి, పారసీక దేశమున చత్రంగమై, అరబ్బులచేత షత్రంజమై, ఐరోపా చేరినది. జర్మనీలోని బ్రన్స్‌విక్ నగరమున హెల్విగ్ అను గణితోపాధ్యాయుడు 1780లో చదరంగపు పలకను విస్తరించి, గళ్లకు కొండ, ఏరు, ఊరు మొదలైన భేదములను కల్పించి యుద్ధక్రీడగా మార్చెను. ప్రష్యా దేశమున రైస్‌విట్జ్ అను నాతడు 1812లో ఇట్టి క్రీడ నొకదానిని రాజునకు సమర్పింపగా, అతని కుమారుడు 1824లో దానిని సంస్కరించి, పటములతోను పాచికలతోను సేనాధికారులకు శిక్షణ నిచ్చు సాధనముగా ప్రకటించెను. ఇది పెద్దల యాట. పిల్లల బొమ్మ సిపాయిలు వేరొక త్రోవను వచ్చినవి. ఇంగ్లండులో బ్రిటన్ అను వారి సంస్థ 1893 నుండి లోపల డొల్లగా పోతపోసిన సీసపు సిపాయిలను చౌకగా అమ్మజొచ్చెను. ఈ రెండు త్రోవలను కలిపినవాడు హెచ్. జి. వెల్స్. 1913లో అతడు ప్రకటించిన 'లిటిల్ వార్స్' అను చిన్న పుస్తకము బొమ్మ సిపాయిలతో గదిలో నేలపై ఆడు యుద్ధమునకు నిబంధనలను ఏర్పరచెను. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున సీసము విషమని గ్రహించి తయారుదారులు క్రమముగా ప్లాస్టిక్కునకును, సీసము లేని లోహమునకును మారిరి. పురాణములు, కల్పిత కథలు ఈ క్రీడలలో ప్రవేశించినది కూడ ఆ కాలముననే.

కావున మన యింటినుండి వెళ్లిన బిడ్డ వేషము మార్చుకొని తిరిగి వచ్చినట్లు ఈ యాట మన గుమ్మము త్రొక్కినది. అందును చెన్నపురికి చదరంగము పరాయిది గాదు. విశ్వనాథన్ ఆనంద్ పెరిగిన ఊరిది. 2013లో ప్రపంచ విజేత పోటీ ఇచ్చట జరిగినది. 2022లో ఒలింపియాడు మామల్లపురమున జరుగగా, నేపియర్ వంతెనను నలుపు తెలుపు గళ్లతో చదరంగపు పలకవలె అలంకరించిరి. 2024లో పదునెనిమిదేండ్ల ప్రాయమున ప్రపంచ విజేతయైన గుకేశ్ ఈ నగరమున పుట్టిన తెలుగు బాలుడే. ఇట్టి ఊరిలో బిడ్డకు యుద్ధక్రీడ నేర్పుటకు చదరంగము చాలదా, ఈ రంగుల గొడవ యెందులకని అడుగువారు కలరు. ప్రశ్న న్యాయమైనదే.

మా సమాధానమిది. చదరంగము పరిపక్వమైన కళ. కాని అది ముఖములను చెరిపివేసినది. ఏనుగు ఏనుగువలె ఉండదు. బంటు పేరులేనివాడు, వాడు పడిపోయినచో పలక ప్రక్కకు పోవునే గాని, వాని కొరకు ఏడ్చువారు ఉన్నట్లు తోచదు. బుద్ధికి అది మేలు. పసి హృదయమునకు మాత్రము ముఖము కావలెను. ప్రతిమలతో ఆడు క్రీడ చదరంగమునుండి బయలుదేరినను, చదరంగము పోగొట్టుకొన్న ముఖమును తిరిగి తెచ్చినది. ఆ ముఖమును బిడ్డయే తన చేతితో దిద్దవలసి యుండుట దీనిలోని విశేషము.

రంగు వేయు విధానమును చెప్పవలెను, ఏలయన మేము మెచ్చినది ఆటకంటె దీనినే. మొదట ప్రతిమపై అచ్చు అంచుల గీతలను సన్నని కత్తితో గోకి తీయవలెను. తరువాత సబ్బునీట కడిగి, ఆరిన పిమ్మట ప్రైమరు అను ఆధారపు పూత నీయవలెను. ఇది లేనిచో రంగు నిలువదు. ఆ పైన వస్త్రమునకు, చర్మమునకు, లోహమునకు వేర్వేరు రంగులు. అవి ఆరిన తరువాత పలుచని ముదురు రంగును ప్రతిమయంతటను ప్రవహింపజేసిన అది మడతలలో నిలిచి నీడయగును. కుంచెను దాదాపు పొడిగా తుడిచి లేతరంగుతో పైపైన తాకిన ఎత్తైన భాగములు వెలుగును. చివర వార్నిషు. చెన్నపురిలో అక్టోబరు, నవంబరు నెలల వానలలో ఊది చల్లు వార్నిషు తేమను పట్టి తెల్లబారును. వేసవిలో పళ్లెములోని రంగు రెండు నిమిషములకే గట్టిపడును. తడిగుడ్డపై కాగితము పరచి దానిపై రంగు నుంచుకొనుట దీనికి విరుగుడు. కుంచె కొనను పెదవులతో సన్నము చేయు అలవాటు బాలునికి కానీయరాదు.

ఇందు బాలుడు నేర్చినదేమి? ఓర్పు అని అందరును చెప్పుదురు. అది నిజమే గాని అసలు సంగతి అది కాదు. కన్ను దిద్దువేళ చేతిలోనివాడు శత్రువైనను వాని ముఖమును రెండు గడియల సేపు దగ్గరగా చూడక తప్పదు. మినోటారు కనుబొమ్మల నడుమ శిల్పి చెక్కిన ముడత కోపమా, బాధయా అని మా దౌహిత్రుడు అడిగెను. ఏ రంగు వేయవలెనో తేల్చుకొనుటకు అడిగినాడే గాని తత్త్వవిచారమునకు గాదు. అయినను ఆ ప్రశ్నకు సమాధానము కథలోనే కలదు గనుక కథ చెప్పవలసి వచ్చెను. చదువరులు గమనింపవలెను: కథ విను మని మేము పిలువలేదు, రంగు కొరకు వాడే కథను వెదకుకొని వచ్చెను. తెలుగు బడి లేక, తెలుగు చదువ నేరక ఈ నగరమున పెరుగుచున్న మన పిల్లలకు పురాణము చెప్పదలచిన తాతలకు ఇంతకంటె మంచి అవకాశము దొరకుట కష్టము.

రంగుల విషయమున ఒక చారిత్రక సత్యమును ఇచ్చట చెప్పదగును. గ్రీకు శిల్పమనగానే తెల్లని పాలరాయి మన మనస్సున మెదలును. అది కాలము చేసిన మోసము. ప్రాచీన గ్రీకులు తమ విగ్రహములకు ఎరుపు, నీలము, పసుపు రంగులు వేసెడివారు. కాలక్రమమున అవి రాలిపోగా మిగిలిన తెలుపునే ఐరోపావారు సౌందర్యముగా ఆరాధించిరి. 2003లో జర్మనీలోని మ్యూనిక్ నగరమున ఈ విగ్రహముల నమూనాలను మూలవర్ణములతో ప్రదర్శింపగా లోకము విస్తుపోయెను. మైలాపూరు కపాలీశ్వరుని గోపురమును చూచి పెరిగిన బిడ్డ మాత్రము విస్తుపోవలసిన పనిలేదు. వేల్పుల బొమ్మలకు రంగు వేయుట మనకు తెగిపోని సంప్రదాయము. కుంభాభిషేకమునకు గోపురముపై రంగులు మరల దిద్దుదురు. కావున మెడూసాకు పచ్చరంగు వేయు చెన్నపురి బాలుడు ప్రాచీన గ్రీకు శిల్పి ఉద్దేశమునకు, తెల్లపాలరాతి నారాధించిన పండితులకంటె, సమీపముననే ఉన్నాడనవచ్చును.

ఇక దోషములు. పెట్టెపైని చిత్రము మొదటి దోషము. అందు ప్రతి ప్రతిమకును ఏ రంగు వేయవలెనో అచ్చువేసి చూపుదురు. బాలుడు దానినే ప్రమాణముగా గైకొని, తన మినోటారు చిత్రములోని మినోటారువలె లేడని చిన్నబోవును. విద్య నేర్పవలసిన వస్తువు నకలు వ్రాయుటను నేర్పుచున్నది. మేము ఆ చిత్రమును బీరువాలో పెట్టి తాళము వేసితిమి. అది మొదలు సైక్లోప్సునకు మా యింట మైసూరు మల్లుని చాయ వచ్చినది. కాల్బలపు డాళ్లపై ఒకదానిపై మామిడిపిందె, మరియొకదానిపై శంఖము వెలసినవి.

రెండవ దోషము ఇంతకంటె పెద్దది. పెట్టెలోని పత్రము ప్రతి పాత్రకును బలమింత, వేగమింత, విలువ యింత అని అంకెలను ఇచ్చును. మెడూసా 'రాక్షసి', ఆమె చూపునకు ఇన్ని పాచికలు. అంతటితో సరి. ఓవిడ్ అను రోమను కవి చెప్పిన కథలో ఆమె సుందరాంగి. సముద్రదేవుడు ఆలయములో ఆమెపై బలాత్కారము చేయగా, దండింపవలసిన దేవుని విడిచి, ఆలయదేవత ఆమె కురులనే పాములుగా మార్చెను. చేసినవాని నొదలి పడినదానిని శిక్షించుట మనకు తెలియని కథయా? మినోటారుకు అస్టీరియస్ అను పేరు కలదు. దేవునికి బలి ఇత్తునన్న వృషభమును రాజు దాచుకొనిన పాపమునకు ఫలముగా వాడు పుట్టెను. తండ్రి లోభము, కొడుకునకు చీకటి కొట్టు. ఈ సంగతులను విడిచి అంకెలను మాత్రము ఇచ్చు పత్రము పురాణమునుండి కండను తీసికొని ప్రాణమును వదలినట్లున్నది.

అందుచేత కథను పెద్దలే పూరింపవలెను. పూరించునప్పుడు మన కథలు తమంతట తామే ప్రక్కకు వచ్చి కూర్చుండును. ఏథెన్సు నగరము మినోటారుకు ఆహారముగా ఏడుగురు యువకులను, ఏడుగురు కన్యలను పంపెడిది. థీసియసు వారిలో ఒకడుగా తానే వెళ్లెను. ఏకచక్రపురమున బకాసురునకు వంతులవారీగా బండెడు అన్నముతో మనిషి వెళ్లెడివాడు. బ్రాహ్మణ కుటుంబమునకు మారుగా భీముడు వెళ్లెను. హైడ్రా తల నొకటి నరికిన రెండు మొలచును. రక్తబీజుని నెత్తురు చుక్క నేల పడిన మరియొక రక్తబీజుడు లేచును. హెర్క్యులీసు తోడివాడు నరికిన చోట నెల్ల నిప్పుతో కాల్చెను. కాళి నెత్తురు నేల పడకుండ నాలుక చాచెను. రెండు కథలును ఒకే సంగతి చెప్పుచున్నవి: బలము చాలదు, కీడు పెరుగు మార్గమును మూయవలెనని. ఇట్లు చెప్పుచుండగా బాలునికి గ్రీకు కథ పరాయిది గాను, మన కథ పాతది గాను తోచక, రెండును ఇరుగుపొరుగు ఇండ్లవలె కానవచ్చెను.

ఈ ఇరుగుపొరుగుతనము మేము కల్పించినది కాదు. గాంధార దేశమున దొరకిన ఒక శిలాఫలకము లండనులోని బ్రిటిష్ మ్యూజియములో కలదు. దానిపై ట్రాయి నగరపు కొయ్యగుఱ్ఱము చెక్కబడినది. గుఱ్ఱము ఛాతిపై బల్లెము గురిపెట్టినవాడొకడు. నగరద్వారమున చేతులు పైకెత్తి ఆక్రోశించు స్త్రీ యొకతె. ఆమె ఆభరణములును, నిలిచిన తీరును మన దేశపు శిల్పములోని స్త్రీలవే. సుమారు పదునెనిమిది వందల యేండ్లకు పూర్వమే మన ఉపఖండపు శిల్పి గ్రీకు కథను తన చేతివాటముతో చెక్కుకొనెను. సైక్లోప్సునకు మైసూరు మల్లుని చాయ వేసిన బాలుడు ఆ శిల్పి త్రోవనే నడచినాడు.

ఆట సంగతికి వత్తము. ఒక వైపున ఒక్క మహాభూతము, ఎదుట పెక్కుమంది అల్పబలులు నిలుచుట ఈ క్రీడలోని ఆకర్షణ. ఇరుపక్షములకును సమానబలము కాదు. అయినను గెలుపు అవకాశము సమానముగా ఉండవలెను. ఇది నూతన కల్పనయని పత్రములో గొప్పగా వ్రాసికొనిరి. మన అరుగులపై గీచిన పులిజూదము ఏమి? మూడు పులులు, పదునైదు మేకలు. పులి దూకి చంపును. మేక చంపజాలదు, చుట్టుముట్టి కదలకుండ చేయును. నిరాయుధుల ఐక్యమే ఆయుధమైన ఆట లోకమున ఇంత సులభముగా, ఇంత చక్కగా మరియొకటి కలదా? సైక్లోప్సుతో యుద్ధము బోధపడక బాలుడు తికమకపడుచుండగా, నేలపై సుద్దతో పులిజూదము గీచి మూడు ఆటలు ఆడించితిమి. నాలుగవ ఆటకు వాడు బల్లెములవారిని మేకలవలె నడపి సైక్లోప్సును మూలకు తోసెను.

సేనానిర్మాణమునకు కూడ మన గ్రంథములలో లెక్కలు కలవు. అక్షౌహిణి యనగా రథములు 21,870, ఏనుగులు 21,870, గుఱ్ఱములు 65,610, కాల్బలము 1,09,350. ఒకటి, ఒకటి, మూడు, ఐదు పాళ్లు. ప్రతి సంఖ్యలోని అంకెలను కూడిన పదునెనిమిదియే వచ్చును. కురుక్షేత్రమున మోహరించినవియు పదునెనిమిది అక్షౌహిణులే, కౌరవులకు పదునొకటి, పాండవులకు ఏడు. జీవితమంతయు పద్దులు కూడిన మా వంటి గుమాస్తాకు ఈ లెక్క ముచ్చటగొలుపుటలో వింత లేదు గాని, పదునొకండేండ్ల బాలుడు కాగితము తీసికొని కూడి చూచి కేరింతలు కొట్టుట మాకు సంతోషము కలిగించినది.

లెక్కలకంటె ముఖ్యమైనది నియమము. కురుక్షేత్రమున యుద్ధారంభమునకు ముందు ఇరుపక్షములవారును సమయము చేసికొనిరని భీష్మపర్వము చెప్పుచున్నది: రథికుడు రథికునితోను, పదాతి పదాతితోను పోరవలెను, పారిపోవువానిని, ఆయుధము విడిచినవానిని, పరునితో పోరుచున్నవానిని కొట్టరాదు. ఆపై అభిమన్యుని నాడు ఏమి జరిగెనో, సౌప్తికమున ఏమి జరిగెనో అందరెరిగినదే. భారతయుద్ధ కథయంతయు నిబంధనలు ఒకటొకటిగా విరిగిన కథ. బిడ్డకు యుద్ధక్రీడ నేర్పవలెనన్న దానిలోని సారము ఇదియే: పాచిక తనకు ప్రతికూలముగా పడినను మరల వేయకుండుట, ఎవరును చూడనప్పుడు ప్రతిమను అరంగుళము ముందునకు జరుపకుండుట. ఈ శిక్షణమును ఈ యాట చక్కగా ఇచ్చును. ఆ మేరకు దానిని మనస్ఫూర్తిగా మెచ్చుచున్నాము.

కాని మూడవ దోషము ఇచ్చటనే బయటపడినది. మినోటారు దెబ్బలు తిని మూలకు చేరియుండగా, మా దౌహిత్రుడు పాచికలు చేతిలో ఉంచుకొని ఆగిపోయెను. "తాతయ్యా, వీడు లొంగిపోవడానికి రూలు లేదా?" అని అడిగెను. పత్రమంతయు వెదకితిమి. కొట్టుటకు నిబంధనలు పదునేడు కలవు, పారిపోవుటకు రెండు, లొంగుటకు ఒక్కటియు లేదు. క్షమించుటకు మొదలే లేదు. భీష్మపర్వములోని సమయమున ఆయుధము విడిచినవానికి చోటున్నది. పెట్టెలోని పత్రమున లేదు. వాని ముఖమునకు రంగు వేసినది బాలుడే గనుక ఆ లోపము బాలునికే ముందుగా తోచినది. చదరంగపు బంటు విషయమున వాడెన్నడును అట్లడుగలేదు.

ఆ ఆదివారమే వానిని ఎగ్మూరు మ్యూజియమునకు తీసికొని పోయి అమరావతి శిల్పములలోని నలగిరి పతకమును చూపితిమి. రాతి వలయములో ఒక ప్రక్క మదపుటేనుగు మనుష్యులను త్రొక్కుచున్నది. మేడలపైనుండి జనులు భీతితో చూచుచున్నారు. అదే వలయములో, అదే యేనుగు, రెండవ ప్రక్క బుద్ధుని పాదములకడ మోకరిల్లినది. మన తెలుగు నేలపై సుమారు పదునెనిమిది శతాబ్దముల క్రిందట చెక్కిన ఆ శిల్పి, రెండు క్షణములను ఒక్క బొమ్మలో ఇమిడ్చి, భూతము భూతముగానే మిగిలిపోవలసిన పని లేదని చూపెను. ఇంటికి వచ్చి ఇరువురమును కూర్చుండి ఒక నిబంధన వ్రాసితిమి: మూడు దెబ్బలు తిన్నవాడు ఆయుధము దించవచ్చును, దించినవానిని విడిచినవారికి రెండు గుణములు, చంపినవారికి ఒక్కటే. దానితో ఆట చెడలేదు. ఇంకను చిక్కనైనది, ఏలయన చంపుటయా, విడుచుటయా అను ఆలోచన ప్రతి మలుపునను వచ్చి నిలిచెను.

ఇంత చెప్పినను, బిడ్డకు యుద్ధము ఆటగా నేర్పుట తగునా యను మూలప్రశ్న తీరదు. వెల్స్ తన పుస్తకమున, నిజమైన యుద్ధముకంటె బొమ్మల యుద్ధము ఎంత మేలో చూడుడని వాదించెను. రాజులును సేనాపతులును గదిలో కూర్చుండి ఇట్లాడుకొనిన లోకమునకు క్షేమమని అతని భావము. పుస్తకము వెలువడినది 1913లో. 1914 ఆగస్టులో ప్రపంచయుద్ధము వచ్చెను. సెప్టెంబరు 22వ తేది రాత్రి ఎమ్డెన్ అను జర్మను ఓడ మన మద్రాసు రేవుపైననే గుండ్లు కురిపించి చమురు తొట్లను తగులబెట్టెను. హైకోర్టు ప్రహరిపై దానికి గుర్తుగా ఉన్న ఫలకమును నేటికిని చూడవచ్చును. బొమ్మల యుద్ధము నిజమైన యుద్ధమును ఆపునన్న ఆశ ఎక్కువ కాలము నిలువలేదు.

మన పల్నాటి కథ మరియొక హెచ్చరిక చేయుచున్నది. శ్రీనాథునిదని చెప్పబడు ఆ వీరగాథలో బాలచంద్రుడు బొంగరములాడుచుండగా, బొంగరము ఎగిరి ఒక స్త్రీ కాలికి గాయమగును. నీ పెద్దలు యుద్ధభూమిలో నుండగా ఇచ్చట బొంగరములతో పౌరుషమా యని ఆమె ఎత్తిపొడుచును. పిల్లవాడు ఆట విడిచి, తల్లిని వేడి, కార్యమపూడికి పోయి, తిరిగి రాడు. బొంగరము యుద్ధపు బొమ్మ కాదు. అయినను దానినుండి యుద్ధమునకు త్రోవ పడినది. కావున బొమ్మలో కత్తి లేనంత మాత్రమున బిడ్డ క్షేమముగా నున్నాడని గాని, కత్తి ఉన్నంత మాత్రమున చెడినాడని గాని అనరాదు. ఆడుకొను బాలునితో పెద్దలు ఆడు మాట యెట్టిదో దానిని బట్టి ఫలము. బాలచంద్రుని కథలో బొంగరము చేసినది కొంచెము, ఎత్తిపొడుపు చేసినది ఎక్కువ. పెద్దవాడు ప్రక్కన లేక ఈ పెట్టెను బాలునికి ఇచ్చివేయుట మేము ఒప్పుకొనము. పెద్దవాడు ప్రక్కన కూర్చుండి రంగు కలుపునేని ఇంతకంటె మంచి పాఠశాల లేదు.

తుదకు మన బొమ్మల మాట. పరుల పెట్టెను విమర్శించి మన మెట్లను విడుచుట పక్షపాతమగును. చెన్నపురిలోని తెలుగువారిలో కొందరు దసరాకును, కొందరు పూర్వాచారము చొప్పున సంక్రాంతికిని బొమ్మల కొలువు తీర్తురు. మైలాపూరు మాడవీథులలో బొమ్మలు కొందురు. కొండపల్లినుండి దశావతారములు, అంబారీ యేనుగు తెప్పించుకొందురు. కొండపల్లి శిల్పి పని సామాన్యమైనది కాదు. తేలికయైన తెల్లపొణికి కఱ్ఱను ఆరబెట్టి, అంగములను వేర్వేరుగా చెక్కి, చింతగింజల జిగురును రంపపు పొట్టును కలిపిన ముద్దతో అతికి, సున్నము పూసి, ఆపై రంగులు దిద్దును. చదువరులు గమనించియే యుందురు: ముక్కలు, అతుకు, ఆధారపు పూత, రంగు. విదేశపు పెట్టెలోని క్రమమంతయు మన యింటిదే. కాని అచ్చట రంగు వేయు ఆనందమును బిడ్డకు విడిచిరి. ఇచ్చట సమస్తమును శిల్పియే ముగించి పంపును. మన కొలువులో బిడ్డ చేయవలసినది చేతులు కట్టుకొని చూచుటయే. "ముట్టుకోకు, విరుగును" అను మాటయే మన కొలువులో బిడ్డకు ఎక్కువగా వినబడును. ముట్టుకొనరాని బొమ్మ క్రమముగా అక్కరలేని బొమ్మ యగును. పొణికి కఱ్ఱ కొఱతయు, ప్లాస్టిక్ పోటీయు కొండపల్లి వారిని బాధించుచున్నవని అందరును చెప్పుదురు. బిడ్డల చేతులకు బొమ్మ దూరమగుట మూడవ బాధయని మా అభిప్రాయము.

భూతమునకు ముఖమిచ్చు విద్యలో మాత్రము మనకు ఎవరును గురువులు అక్కరలేదు. ఈ నగరమున, వాహినీ స్టూడియోలో, 1957లో తయారైన 'మాయాబజార్'ను తలచుకొనుడు. ద్వారకానగరమును చిన్న నమూనాలుగా కట్టి మార్కస్ బార్ట్లే చిత్రించినాడు. అదియు బొమ్మల విద్యయే. అందు ఎస్. వి. రంగారావు ధరించిన ఘటోత్కచుడు కోరలు, గద, భారీకాయము గల రాక్షసుడే. అయినను ఆ చిత్రము చూచిన యే తెలుగు బిడ్డకును అతడు శత్రువు కాడు. అతనివలె ఒక అన్న ఉండిన బాగుండునని తోచును. ఇట్టి ఘటోత్కచుడు అంగుళమున్నర యెత్తున, రంగు వేయక, ముక్కలుగా, పెట్టెలో ఎచ్చట దొరకును? పద్మవ్యూహము, పల్నాటి కోడిపోరు, ఏకచక్రపురపు బండి ఏ పిల్లవాని బల్లపై నిలుచును? కథలు మనవి, శిల్పులు మనవారు, ఆటకు మూలమైన చతురంగమును మనదే. పెట్టె మాత్రము సముద్రము దాటి రావలసి వచ్చినది.

మా తీర్పును సంగ్రహముగా చెప్పెదము. గ్రీకు పురాణ ప్రతిమలు చేతికి ఉత్తమమైన శిక్షణ నిచ్చును; కంటికి మధ్యమమైనవి, ఏలయన పెట్టెపైని చిత్రము కన్నును బంధించును; కథకు అధమమైనవి, ఏలయన అంకెలు కథను మింగివేసినవి. ఆట నియమపాలనను నేర్పును, దయను నేర్పదు. దయను ఇంటివారు చేర్చుకొనవలెను. చేర్చుకొనుటకు చోటు కలదు గనుక ఈ వినోదమును తిరస్కరింపక, సంస్కరించి గ్రహింపవలెనని మా సలహా.

సంఘ కార్యవర్గమువారికి ఒక విన్నపము. రాబోవు సంక్రాంతి కొలువునకు కొండపల్లి శిల్పులనుండి సున్నపుపూత వరకు మాత్రమే ముగిసిన బొమ్మలను కొన్నింటిని తెప్పించి, వారిలో ఒకరిని పిలిపించి, మన పిల్లలచేత రంగులు వేయింపవలెను. శిల్పికి కూలి, పిల్లలకు కుంచె, పెద్దలకు కథ చెప్పు పని దొరకును. కొలువుమెట్లలో అడుగుమెట్టును ఆ బొమ్మలకు విడువవలెను. వానిని ముట్టుకొనవచ్చునని వ్రాసి పెట్టవలెను. మా దౌహిత్రుడు తన మినోటారును ఆ మెట్టుపై బకాసురుని ప్రక్కన నిలుపుటకు ఇప్పటికే అనుమతి కోరియున్నాడు. కార్యవర్గమువారు అంగీకరింతురని ఆశించుచున్నాము.